42 పౌండ్ల లింబ్స్ బిగించాక కుడి భుజం నొప్పి: సెలక్షన్స్ దాకా లాగాలా, ఆపాలా?

బెజవాడ_రికర్వ్
కొన్నేళ్లుగా రికర్వ్ (ఒలింపిక్స్ తరహా విల్లు) వేస్తున్నాను. రాష్ట్ర సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయని ఈ వేసవిలో 36 పౌండ్ల లింబ్స్ (విల్లు రెండు కొమ్ములు; పౌండ్లంటే నారి లాగడానికి పట్టే బలం) తీసేసి 42 పౌండ్లవి బిగించాను. 70 మీటర్ల దగ్గర సైట్ (గురి చూసే పరికరం) పైకి జరిగింది, గాలికి బాణం చెదరడం తగ్గింది, బాణాలు దిగే గుంపులు కూడా చిన్నవయ్యాయి. అయితే కొన్ని వారాలుగా కుడి భుజం, అంటే నారి లాగే వైపు భుజం, జబ్బ పైభాగంలో బయటి పక్కన నొప్పి పెడుతోంది. మొదట్లో ఏమీ తెలియదు. వంద బాణాలు దాటాక నొప్పి మొదలవుతుంది, సాయంత్రానికి చొక్కా విడవడానికి చెయ్యి వెనక్కి పోదు, రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే మెలకువ వచ్చేస్తుంది. మా మైదానంలో సగం మంది ఇది కొత్త పౌండ్లకు కండరం అలవాటుపడే నొప్పేనని, లాగుతూ పోతే అదే సర్దుకుంటుందని అంటున్నారు. మిగతా సగం నెల రోజులు విల్లు ముట్టుకోవద్దంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో, లేక రెండూ తప్పేనో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఎర్ర_రింగు
శివధనుస్సు ఎత్తబోయి భంగపడిన రాజుల జాబితాలో మీ పేరు కూడా రాసుకున్నాం. నాది 34 పౌండ్ల విల్లే, భుజం భేషుగ్గా ఉంది. బాణాలు మాత్రం ఏనాడూ ఎర్ర రింగు దాటి నడిమి పసుపులోకి పోలేదు కనుక నా సలహాకు విలువ ఎంతో మీరే నిర్ణయించుకోండి.

ఫిజియో_హనుమకొండ
నొప్పి ఎక్కడ ఉందో చెప్పారు, మంచిదే. షాట్‌లో ఏ క్షణాన వస్తోందో కూడా చెబితే సగం సంగతి తేలుతుంది. భుజం బంతి-గిన్నె కీలు. గిన్నెకు లోతు తక్కువ కనుక బంతిని నడిమధ్యన నిలిపి ఉంచే పని రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలది. వాటిలో పైన ఉండే సుప్రాస్పైనేటస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి పట్టీ), బంతికీ దాని మీద చూరులా ఉండే ఎక్రోమియన్ ఎముకకూ నడుమ ఉన్న సందులోంచి వెళుతుంది. చేతిని పక్కకు సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఎత్తినప్పుడు ఆ సందు బాగా ఇరుకవుతుంది. విలుకాడి రెండు చేతులూ బరువు మోసేది సరిగ్గా అక్కడే, 90 డిగ్రీల చుట్టుపక్కల.

విల్లు ఎత్తేటప్పుడే నొప్పి వస్తే నేను మొదట విల్లు పట్టే చేతిని అనుమానిస్తాను. లాగడం మొదలైన చోట వస్తే లాగే చేతి మోచేయి మరీ ఎత్తులో ఉందా అని చూస్తాను. గడ్డం దగ్గరికి వచ్చే చివరి రెండు అంగుళాల్లో వస్తే భుజం చెవి వైపుకు లేస్తోందని, వీపు కండరాలు చేయాల్సిన పనిని జబ్బ చేస్తోందని అనుకుంటాను. బాణం వదిలాక జివ్వుమంటే అది వేరే కథ. మీది వీటిలో ఏది? చేతి వేళ్లలో తిమ్మిరి ఏమైనా ఉందా? ఎప్పుడైనా లాగుతుండగా టప్పుమని శబ్దం వచ్చిందా?

బెజవాడ_రికర్వ్
తిమ్మిరి లేదు, శబ్దమూ రాలేదు. నొప్పి వచ్చేది చివరి రెండు అంగుళాల్లోనే. యాంకర్ (నారి గడ్డానికి ఆనే చోటు) దొరికాక, బాణం మొన పూర్తిగా లోపలికి రాగానే టక్కుమనే క్లిక్కర్ రేకు క్లిక్ కోసం ఎదురుచూస్తుండగా వస్తుంది, వంద దాటాక క్లిక్ రావడమే ఆలస్యమవుతోంది కూడా.

పాత_శిక్షకుడు
ఆలస్యమవుతున్నది క్లిక్ కాదు, మీ వీపు అలసిపోయింది. క్లిక్కర్ తన చోటనే ఉంటుంది. మీ ఎముకల వరుస చెదిరినప్పుడు, ముందు వైపు భుజం పైకి లేచి లోపలికి కుంగినప్పుడు, ఆ రెండు మూడు మిల్లీమీటర్ల బాణం మొన ఎప్పటికీ లోపలికి రాదు. అప్పుడు విలుకాడు చేసే పని ఒక్కటే, మణికట్టుతోనూ జబ్బతోనూ లాక్కోవడం. ఇలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను. లింబ్స్‌ను తిట్టే ముందు ఎవరిచేతనైనా వెనుక నుంచి, పక్క నుంచి వీడియో తీయించండి. మొదటి ఆరు బాణాల్లోనూ నూట ఇరవయ్యో బాణం దగ్గరా మీ కుడి మోచేయి ఎక్కడ ఉందో పోల్చి చూడండి. ఫుల్ డ్రాలో (నారి పూర్తిగా లాగినప్పుడు) మోచేయి బాణం గీతకు సమంగానో కాస్త ఎగువనో, వెనుకగా వీపు వెంబడి తిరిగి ఉండాలి. అది బాణం గీత కిందికి జారినా, మరీ పైకి లేచినా భుజానికి చేటే. పౌండ్లు రెండో మాట.

లింబ్‌బోల్ట్
మాస్టారు, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఇక్కడ పౌండ్లు మొదటి మాటే. బెజవాడ తమ్ముడూ, నీ ఎత్తెంత? డ్రా లెంగ్త్ (నారి లాగే దూరం) ఎంత? లింబ్స్ మీద రాసిన 42 అనే అంకె 25 అంగుళాల రైజర్ (విల్లు నడిమి పిడి భాగం) మీద, 28 అంగుళాల డ్రాకు కొలిచింది. అక్కడి నుంచి పెరిగే ప్రతి అంగుళానికి సుమారు రెండు నుంచి రెండున్నర పౌండ్లు కలుపుకోవాలి. ప్రయాణాల్లో సూట్‌కేసు తూచుకునే కొక్కెం త్రాసు ఒకటి తెచ్చి, నారికి తగిలించి, నీ క్లిక్కర్ దగ్గరికి వచ్చేదాకా లాగి అంకె చూసి ఇక్కడ రాయి. ఆ తరువాతే ఎవరైనా మాట్లాడితే అర్థం ఉంటుంది.

వెదురువిల్లు
నేను ఇండియన్ రౌండ్ వేస్తాను, అంటే వెదురు విల్లుతో 50, 30 మీటర్లు. మాకు సైట్ లేదు, క్లిక్కర్ లేదు, స్టెబిలైజర్ (విల్లు కదలకుండా తగిలించే కడ్డీ) లేదు. క్లిక్కర్ లేకపోవడం వల్ల ఒక మేలు ఏమిటంటే, అలసిపోయినప్పుడు బాణాన్ని కాస్త ముందే వదిలేస్తాం కనుక భుజం బతికిపోతుంది, స్కోరు మాత్రమే చస్తుంది. మా ఏజెన్సీ ఊళ్లలో తాతల కాలం నుంచి విల్లు పట్టినవాళ్లకు భుజం నొప్పి అన్న మాటే తెలియదు. ఈ నొప్పులన్నీ కార్బన్ లింబ్స్‌తో వచ్చినవని నా అభిప్రాయం.

ఫిజియో_హనుమకొండ
వెదురువిల్లు గారి చివరి మాటతో నేను ఏకీభవించలేను. వేటకు వెళ్లే మనిషి రోజుకు ఎన్ని బాణాలు వేస్తాడు? పదో పరకో. అది కూడా నడిచి, ఆగి, చూసి వేసినవి. మన పోటీ విలుకాడు ఒక్క ర్యాంకింగ్ రౌండ్‌లోనే 72 బాణాలు వేస్తాడు, సాధనలో రెండు మూడు వందలు లాగుతాడు, అవి కాక లాగి వదలకుండా దించేసినవి లెక్కలోకే రావు. టెండన్‌కు వెదురో కార్బనో తెలియదు. ఎంత బరువును, ఎన్నిసార్లు, ఎంత విరామంతో మోయమంటున్నారన్నదే దానికి తెలుస్తుంది.

వెదురువిల్లు
ఈ లెక్క ఒప్పుకుంటున్నాను. తాతలకు నొప్పి లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎర్ర_రింగు
ఉన్నా చెప్పి ఉండరు. మా తాత కాలు విరిగినా బెణికిందనేవాడు.

బెజవాడ_రికర్వ్
లింబ్‌బోల్ట్ అన్న చెప్పినట్టు తూచాను. నా ఎత్తు ఆరడుగులు, డ్రా 30 అంగుళాల దగ్గర ఉంటుంది. త్రాసు మీద 46న్నర పౌండ్లు చూపించింది. బోల్టులు కూడా దుకాణంలో బాగా లోపలికి తిప్పి ఇచ్చినట్టున్నారు.

లింబ్‌బోల్ట్
చూశారా మాస్టారు. పాత లింబ్స్‌తో ఇతను లాగింది సుమారు 40, ఇప్పుడు లాగుతున్నది 46న్నర. తేడా ఆరు పౌండ్లకు పైమాటే, అంటే బాణానికి రెండు కిలోల ఏడు వందల గ్రాముల అదనం. రోజుకు 200 బాణాలు అనుకుంటే 540 కిలోలకు పైగా అదనపు బరువు భుజం మీద పడుతోంది, అదీ ఒక్కసారిగా, నడుమ మెట్టు లేకుండా. లింబ్స్ రెండేసి పౌండ్ల తేడాతో దొరుకుతాయి. అంత చిన్న మెట్లతో అవి అమ్మేది మనం ఒక్కో మెట్టే ఎక్కడానికి.

ఇప్పుడు చేయగలిగింది ఉంది. చాలా రైజర్ల మీద బోల్టులు తిప్పి సుమారు పది శాతం దాకా పౌండ్లు తగ్గించుకోవచ్చు. అయితే తయారీదారు చెప్పిన హద్దు దాటి విప్పకూడదు. నారి ఎక్కించి ఉన్నప్పుడు లింబ్ ఊడితే భుజం సంగతి కాదు, కంటి సంగతి మాట్లాడుకోవాల్సి వస్తుంది. రెండు బోల్టులనూ సమంగా తిప్పి, టిల్లర్ (పై, కింది లింబ్స్ నుంచి నారికి ఉన్న దూరాల తేడా) కొలిచి, బ్రేస్ హైట్ (పిడి నుంచి నారికి ఉన్న దూరం) మళ్లీ సరిచూసుకోవాలి.

పాత_శిక్షకుడు
46న్నర అన్నది నేను ఊహించలేదు, ఆ అంకె చూశాక వాదించను. కానీ ఇంకో సంగతి ఉంది. అదే 46 పౌండ్లను ఎముకల వరుస మీద నిలిపేవాడు హాయిగా నిలుపుతాడు, 30 పౌండ్లను జబ్బతో లాగేవాడు నొప్పి తెచ్చుకుంటాడు. పౌండ్లు పెంచవచ్చా లేదా అన్నదానికి మేము పాతకాలం నుంచి చూసే కొలత ఒకటి ఉంది. బాణం లేకుండా, నారి చేజారకుండా మోచేతికి పట్టీ తగిలించి, ఫుల్ డ్రాకు లాగి అర నిమిషం నిలపాలి, ఒక నిమిషం విశ్రాంతి తీసుకోవాలి, మళ్లీ నిలపాలి. కొరియా పద్ధతిలో శిక్షణ తీసుకున్నవారు దీన్ని రోజూ చేస్తారు. ఆకారం చెదరకుండా నాలుగైదు సార్లు నిలపలేని విల్లుతో నూరు బాణాలు వేయడం సాధన కాదు. ఇది నొప్పి లేని రోజుల్లో చేసే పరీక్ష మాత్రమే. బెజవాడ అబ్బాయి ఇప్పుడు చేయకూడదు.

కాంపౌండ్_అమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అమ్మాయికి పదమూడేళ్లు, కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వేస్తుంది. కాంపౌండ్ క్రీడాకారిణి జ్యోతి సురేఖను చూసి మొదలుపెట్టింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆగడం లేదు. దానికి నొప్పి లాగే చేతిలో కాదు, విల్లు పట్టే ఎడమ భుజంలో. కాంపౌండ్‌లో ఫుల్ డ్రాకు వచ్చాక బరువు తగ్గిపోతుంది కదా, మరి నొప్పి ఎందుకు రావాలి?

లింబ్‌బోల్ట్
తగ్గేది నారి బరువమ్మా, విల్లు బరువు కాదు. కాంపౌండ్‌లో లెట్-ఆఫ్ (ఫుల్ డ్రాలో తగ్గే బరువు) సాధారణంగా 65 నుంచి 80 శాతం ఉంటుంది కనుక 40 పౌండ్ల విల్లును ఎనిమిది నుంచి పద్నాలుగు పౌండ్లతో నిలపవచ్చు. కానీ స్కోప్, స్టెబిలైజర్లు, వాటి చివర తూకపు బిళ్లలు అన్నీ కలిపితే విల్లు మూడు కిలోలకు అటూఇటూ తూగుతుంది. రికర్వ్ కంటే కాంపౌండ్‌లో గురి చూస్తూ నిలిపే సమయమూ ఎక్కువ. ఆ బరువంతా చాచిన చేతి చివర వేలాడుతుంది. ముందు స్టెబిలైజర్ చివరి బిళ్లలు తీసి చూడండి. పిల్లలకు అంత తూకం అక్కర్లేదు, పెద్దవాళ్ల విళ్లను చూసి తగిలిస్తారు.

ఇంకొకటి కూడా గమనించండి. కాంపౌండ్‌లో గరిష్ఠ బరువు లాగడం మొదలైన కాసేపటికే ఎదురవుతుంది. అది దాటడానికి పాప విల్లును ఆకాశం వైపు ఎత్తి, ఒళ్లంతా ఊపి కుదుపుతో లాగుతుంటే పౌండ్లు ఎక్కువయ్యాయని అర్థం. అలా పైకి ఎత్తి లాగడం నిబంధనల ప్రకారం కూడా కుదరదు. పొరపాటున బాణం వదిలితే భద్రతా హద్దు దాటిపోతుంది.

ఫిజియో_హనుమకొండ
అమ్మా, పదమూడేళ్ల పిల్ల విషయంలో నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను. ఈ వయసులో జబ్బ ఎముక పైచివర పెరుగుదల పలక ఇంకా మూసుకుపోదు. పెద్దవాళ్లలో టెండన్ మీద పడే ఒత్తిడి పిల్లల్లో ఆ మెత్తని పలక మీద పడవచ్చు. నొప్పి రెండు వారాలకు మించి ఉన్నా, చెయ్యి ఎత్తడంలో తేడా కనిపించినా ఎముకల వైద్యుడికి చూపించి, ఆయన అవసరమంటే ఎక్స్‌రే తీయించండి. నొప్పి మాత్ర వేసి మైదానానికి పంపడం మాత్రం వద్దు. మాత్ర నొప్పిని ఆపుతుంది కానీ ఒత్తిడిని ఆపదు.

కాంపౌండ్_అమ్మ
మా అకాడమీలో మాత్ర వేసుకుని రమ్మనే చెప్పారు. ఏ అకాడమీ అని అడగవద్దు.

టెక్సస్_తెలుగు
నేను డాలస్ దగ్గర వారాంతాల్లో బేర్‌బో (సైట్ లేని విల్లు) వేసే యాభై దాటిన మనిషిని, షుగర్ ఉంది. నాకు వచ్చిన భుజం నొప్పిని విల్లు వల్లే అనుకుని చాలాకాలం బామ్ రాసుకుంటూ గడిపాను. చివరికి ఫ్రోజెన్ షోల్డర్ అని తేలింది. నా వయసు వాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక ఆనవాలు చెబుతాను. మోచేతిని పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పి చూడండి. మీ అంతట మీరు తిప్పినా తిరగక, ఇంకొకరు పట్టుకుని తిప్పినా తిరగక, గోడకు తగిలినట్టు ఆగిపోతే అది పౌండ్ల నొప్పి కాకపోవచ్చు. షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువగా వస్తుందని, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉంటుందని మా డాక్టరు చెప్పింది.

ఫిజియో_హనుమకొండ
చాలా సరిగ్గా చెప్పారు. దానికి ఇంకో హెచ్చరిక చేరుస్తాను. నలభై దాటినవారిలో ఎడమ భుజం నొప్పి చేతి కదలికతో సంబంధం లేకుండా వచ్చి, ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం తోడైతే ఈ చర్చ చదవడం ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మెడ నుంచి మొదలై మోచెయ్యి దాటి వేళ్ల దాకా పాకే తిమ్మిరి మెడ నరాలది కావచ్చు, దానికి భుజం వ్యాయామాలతో ప్రయోజనం లేదు.

రాత్రిబడి_విద్యార్థి
బెజవాడ బ్రో, మా పిన్ని కొడుక్కి క్రికెట్‌లో ఇలాగే వస్తే భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించారు, మర్నాడే బౌలింగ్ చేశాడు. సెలక్షన్స్ ముందు ఒకటి వేయించుకుంటే పని అయిపోతుంది కదా.

నియమావళి
దయచేసి ఎవరూ ఈ సలహా పాటించవద్దు. గ్లూకోకార్టికాయిడ్ ఇంజెక్షన్లు, అవి కీలులోకి వేసినవైనా సరే, 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. ముందే వేయించుకున్న మందు ఆనవాళ్లు పోటీ రోజు నమూనాలో దొరికినా చిక్కే. భుజం నొప్పికి డాక్టర్లు తరచుగా రాసే ట్రమడాల్ కూడా 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధమే. చెయ్యి వణకకుండా ఉండటానికి కొందరు వాడే బీటా బ్లాకర్లు విలువిద్యలో పోటీలోనూ, పోటీ బయటా నిషిద్ధం. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ నిషిద్ధ జాబితాలో లేవు. వైద్య అవసరం నిజంగా ఉంటే చికిత్సా మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకునే పద్ధతి ఉంది. మీరు విలుకాడినని డాక్టరుకు ముందే చెప్పండి, చీటీ జాగ్రత్తగా దాచుకోండి.

ఫిజియో_హనుమకొండ
నిషేధం సంగతి అలా ఉంచినా, ఇంజెక్షన్ తరువాత నొప్పి తెలియని టెండన్‌తో మర్నాడే 46 పౌండ్లు లాగడం ప్రమాదం. నొప్పి అనే కాపలా లేనప్పుడే చిన్న చిరుగు పెద్దదయ్యే అవకాశం ఉంది.

ఇప్పుడు బెజవాడ గారి అసలు ప్రశ్నకు వస్తాను. చెయ్యి పట్టుకుని చూడకుండా రోగనిర్ధారణ చేయలేను కానీ, పక్కకు ఒత్తిగిలితే నొప్పి, చెయ్యి వెనక్కి పోకపోవడం, బరువు పెరిగాక మొదలుకావడం, ఇవన్నీ కఫ్ టెండన్ మీద భారం ఎక్కువైందనే వైపు చూపుతున్నాయి. టెండన్ కండరం లాంటిది కాదు. కండరం వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు కావాలి. అందుకే కొత్త లింబ్స్ పెట్టిన మొదటి రోజుల్లో అంతా బాగున్నట్టే ఉంటుంది, తరువాతే నొప్పి బయటపడుతుంది. లాగుతూ పోతే సర్దుకుంటుందన్న వాదం తప్పు. నెల రోజులు విల్లు మూలన పెట్టమన్న వాదం కూడా తప్పే, ఎందుకంటే ఆ నెలలో టెండన్ మరింత బలహీనపడుతుంది, నెల తిరిగాక మీరు మళ్లీ అదే 46 పౌండ్లు ఎత్తుకుంటారు.

నేనైతే పాత 36 లింబ్స్ మళ్లీ ఎక్కించి, బోల్టులు హద్దులోపల వదులు చేయమంటాను. నొప్పి వంద దగ్గర మొదలవుతోంది కనుక యాభై అరవై దగ్గరే ఆపండి, అవీ దగ్గరి బట్ (బాణాలు దిగే దిమ్మ) మీదనే వేయండి. వేసేటప్పుడు నొప్పి పదికి మూడు లోపుండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వస్తే ఆ భారాన్ని టెండన్ తట్టుకుంటున్నట్టే, అప్పుడు మెల్లగా పెంచవచ్చు. మర్నాటికి నొప్పి మిగిలి ఉంటే ఒక మెట్టు దిగాలి.

వ్యాయామాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది చేతిని బయటికి తిప్పేది. చంకలో చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోచేయి వంచి పక్కకు ఆనించి, థెరాబ్యాండ్‌ను (వ్యాయామపు రబ్బరు పట్టీని) నెమ్మదిగా బయటికి లాగి అంతకంటే నెమ్మదిగా వెనక్కి రానివ్వాలి. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో కదలిక లేకుండా గోడకు ముంజేతిని నొక్కి అర నిమిషం పైన నిలిపితే చాలు. రెక్క ఎముకను కిందికీ వెనక్కీ పట్టి ఉంచే కండరాలకు బోర్లా పడుకుని చేతులు ఏటవాలుగా పైకి లేపడం పనికొస్తుంది. గోడ పుషప్ చివర్లో భుజాలను ఇంకో అంగుళం ముందుకు తోయడం సెరాటస్ (రెక్క ఎముకను పక్కటెముకలకు పట్టి ఉంచే కండరం) కోసం. ఈ చివరిది అందరూ వదిలేస్తారు. విల్లు పట్టే భుజం పైకి లేవకుండా ఉండేది ప్రధానంగా దానివల్లే.

ఎర్ర_రింగు
మా జిమ్ ట్రైనర్ విలుకాడికి బెంచ్ ప్రెస్ చాలునన్నాడు. నా ఛాతీ మాత్రం చక్కగా పెరిగింది, నారి ఇప్పుడు దానికి తగులుతోంది.

పాత_శిక్షకుడు
నవ్వుకు అన్నా నిజమే అన్నారు. విలుకాడి జిమ్‌లో తోసే వ్యాయామం ఒకటి చేస్తే లాగే వ్యాయామాలు రెండు చేయాలి. పొద్దంతా కాలేజీ బల్ల మీద, ఫోన్ మీద వంగి కూర్చునే పిల్లల భుజాలు అసలే ముందుకు కుంగి ఉంటాయి. వాళ్లను నేరుగా గీత మీద నిలబెట్టి లాగమంటే రెక్క ఎముక కదలడానికి చోటే ఉండదు. నేను మైదానానికి రాగానే విల్లు బిగించనివ్వను. పది నిమిషాలు చేతులు తిప్పడం, వెన్ను పైభాగం తిప్పడం, రబ్బరు పట్టీతో షాట్ వేసినట్టు లాగడం, ఆ తరువాత దగ్గర నుంచి కళ్లు మూసుకుని ఓ డజను బాణాలు. 70 మీటర్లకు వెళ్లేది అప్పుడే. శీతాకాలపు పొద్దుటి పూట ఇంకొంచెం ఎక్కువ.

వెదురువిల్లు
ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా? మా దగ్గర ఇద్దరు కోచ్‌లు దీని మీదే మాటలు మానుకున్నారు.

ఫిజియో_హనుమకొండ
ఇద్దరినీ మాట్లాడుకోమనండి. సాధన తరువాత సలుపుతుంటే గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టుకోవచ్చు. సాధనకు ముందు బిగుసుకుపోయినట్టుంటే కాపడం హాయినిస్తుంది. రెండూ ఉపశమనం కోసమే, టెండన్‌ను ఏవీ బాగుచేయవు.

కాంపౌండ్_అమ్మ
ఈత నేర్పిస్తే భుజాలు బలపడతాయా? జ్యోతి సురేఖ చిన్నప్పుడు కృష్ణానది ఈదిందని చదివాను.

ఫిజియో_హనుమకొండ
ఆమె విల్లు పట్టక ముందే, పసితనంలోనే ఈత నేర్చుకుంది. నొప్పి లేని పిల్లకు ఈత మంచిదే. నొప్పి ఉన్న భుజంతో ఫ్రీస్టైల్ ఈదడం మాత్రం తలపైకి చెయ్యి ఎత్తే ఇంకో వేయి కదలికలు చేర్చడమే అవుతుంది. ఈతగాళ్ల భుజం నొప్పి వైద్యులకు బాగా తెలిసిన సమస్య.

లింబ్‌బోల్ట్
ఎవరూ ప్రస్తావించనిది విల్లు సంచి. బైక్ మీద ఒకే భుజానికి తగిలించుకుని ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి పోతారు, అదీ నొప్పి ఉన్న భుజానికే. రెండు భుజాలకూ వచ్చే బ్యాక్‌ప్యాక్ వాడండి. డబ్బు సంగతి కూడా చెబుతాను. ఎదిగే పిల్లలకు ఖరీదైన కార్బన్ లింబ్స్ కొనకండి. చవకైన చెక్క లింబ్స్ 24, 26, 28 పౌండ్లవి ఒకరి దగ్గర ఒకరు మార్చుకుంటూ ఎక్కవచ్చు. ఖరీదైనవి కొన్నాక పౌండ్లు ఎక్కువయ్యాయని తెలిసినా డబ్బు మీద మమకారంతో వాటినే లాగుతారు.

బెజవాడ_రికర్వ్
అందరి మాటలూ చదివాను. ఊళ్లో డాక్టరుకు చూపించి అల్ట్రాసౌండ్ తీయించుకున్నాను, టెండన్ వాచి ఉందని, చిరుగు లేదని చెప్పారు. 36 లింబ్స్ మళ్లీ ఎక్కించాను. మాస్టారు చెప్పినట్టు వీడియో తీస్తే నూరు బాణాల తరువాత మోచేయి స్పష్టంగా కిందికి జారుతోంది, భుజం లేస్తోంది, అంటే మీరిద్దరూ చెప్పినది ఒకటే విషయం. ఇప్పుడు నాకున్న భయం వేరు. ఈ పౌండ్లతో సెలక్షన్స్‌లో 70 మీటర్లు నిలవగలనా?

పాత_శిక్షకుడు
దూరం అందడం గురించి దిగులు వద్దు. నలభై పౌండ్లు చేతికి అందుతుంటే 70 మీటర్లకు ధారాళంగా చాలు. అమ్మాయిల్లో కొందరు అంతకంటే తక్కువతోనే అంతర్జాతీయ పోటీల్లో వేస్తున్నారు. గాలిలో కాస్త ఎక్కువ సవరణ చూసుకోవాలి, అంతే. మన విజయవాడ బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడంటే అతని పౌండ్లు చూసి పిల్లలు ఉబలాటపడతారు. ఆ పౌండ్ల వెనుక ఉన్న సంవత్సరాలను ఎవరూ చూడరు. పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగమన్నారు. 72 బాణాలు ఒకే ఆకారంతో వేసినవాడికి, సగం బాణాలు గొప్పగా వేసి మిగతా సగం నొప్పితో వేసినవాడి కంటే మొత్తం ఎక్కువ వస్తుంది.

బెజవాడ_రికర్వ్
సరే మాస్టారు. అయితే 36తో వేస్తుంటే బాణాలన్నీ ఎడమ వైపు గుంపు కడుతున్నాయి. అది భుజం వల్లా, లేక నేనేమైనా తప్పు చేస్తున్నానా?

లింబ్‌బోల్ట్
భుజం కాదు, బాణం. 42 లింబ్స్ కోసం కొన్న బాణాలు వాడుతున్నావు కదా. పౌండ్లు తగ్గితే అవే బాణాలు గట్టి స్పైన్ (తక్కువ వంగే గుణం) ఉన్నవాటిలా ప్రవర్తిస్తాయి, కుడిచేతి వాటం వాడికి ఎడమకు పోతాయి. పాత బాణాలు ఉంటే అవి తీయి. లేకపోతే మొన బరువు పెంచి, ప్లంజర్ (బాణం పక్కన ఆనే స్ప్రింగు బొడిపె) స్ప్రింగ్ మెత్తబరచి చూడు. 30 మీటర్ల దగ్గర ఈకలు తీసిన బాణం ఒకటి, ఈకలున్నవి మూడు కలిపి వేసి ఎక్కడ దిగాయో ఫోటో పెట్టు. 70కి వెళ్లకుండానే సరిచేయవచ్చు, నీ అరవై బాణాల హద్దు కూడా దాటదు.